హంగర్ గేమ్స్ నవలలో అసలు బలం ఎక్కడుంది, ఎక్కడ తేలిపోతుంది?

"మా అమ్మాయి తొమ్మిదో తరగతి. 'ది హంగర్ గేమ్స్' చదువుతానంటోంది. కొందరు గొప్ప నవల అంటున్నారు, కొందరు పిల్లలు పిల్లల్ని చంపుకోవడం తప్ప అందులో ఏముంది అంటున్నారు. నిజంగా దాని బలాలేంటి, బలహీనతలేంటి?" అని అడిగారు.

ముందుగా, చదవనివ్వండి. 13, 14 ఏళ్ల పిల్లలకి ఇది తగిన పుస్తకమే. పానెమ్ అనే ఊహాదేశం, దాన్ని ఏలే రాజధాని కేపిటల్, కింద పన్నెండు డిస్ట్రిక్టులు. ఏటా ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ లాటరీలో తీసి, అరీనా అనే ఆటస్థలంలో వదిలి, ఒక్కరే మిగిలేదాకా చంపుకోమంటారు, అదంతా టీవీలో చూపిస్తారు. 12వ డిస్ట్రిక్ట్‌లో చెల్లెలు ప్రిమ్ పేరు వస్తే ఆమె బదులు తను వెళ్లిన పదహారేళ్ల కాట్నిస్ చెప్పే కథ ఇది. చావులు చాలా ఉన్నాయి గానీ సుజాన్ కాలిన్స్ ఏ చావునీ చప్పరిస్తూ రాయరు. చాలావాటిని రెండు మూడు వాక్యాల్లో తేల్చేసి ముందుకెళ్లిపోతారు. చివర్లో ఆఖరి ప్రత్యర్థి కేటో చావు ఒక్కటే రాత్రంతా సాగుతుంది. ఆ అధ్యాయం అయ్యాక అమ్మాయితో ఓసారి మాట్లాడండి, చాలు.

ఇక బలం సంగతి. ఈ నవల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ధైర్యమున్న అమ్మాయి అంటారు, దుర్మార్గపు ప్రభుత్వం అంటారు, ఇద్దరబ్బాయిల మధ్య నలిగే ప్రేమ అంటారు. ఇవన్నీ 2008కి ముందు వచ్చిన పుస్తకాల్లోనూ కావలసినన్ని ఉన్నాయి. ఈ పుస్తకాన్ని నిలబెట్టింది తిండి లెక్క. ఎవరు ఏం తిన్నారు, అది ఎక్కణ్ణుంచి వచ్చింది, దానికోసం ఏం వదులుకున్నారు అన్నది మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా ఇంత కచ్చితంగా రాసిన టీనేజీ నవల ఇంకోటి లేదు. విమర్శకులు ఈ సంగతి వదిలేసి ప్రేమ త్రికోణం చుట్టూ ఎందుకు తిరుగుతారో అర్థం కాదు.

టెస్సెరా పద్ధతి చూడండి. డిస్ట్రిక్టుల్లో 12 నుంచి 18 ఏళ్ల పిల్లలందరి పేర్లూ ఏటా ఆ లాటరీలో వేస్తారు. 12 ఏళ్లకి ఒక చీటీ, 13కి రెండు, అలా పెరిగి 18కి ఏడు. ఇంతవరకూ అందరికీ ఒకటే రూలు. ఇంట్లో తిండి లేకపోతే మాత్రం ఇంకో చీటీ వేయించుకుని, బదులుగా ఒక మనిషికి ఏడాదిపాటు చాలీచాలకుండా సరిపోయే ధాన్యం, నూనె తెచ్చుకోవచ్చు, దాన్నే టెస్సెరా అంటారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్నిసార్లు. ఏ ఏడాది వేసిన చీటీలు ఆ ఏడాదితో పోవు, పోగుపడుతూ ఉంటాయి. కాట్నిస్ ఇంట్లో ముగ్గురు. 12 నుంచి 16 దాకా ఏటా మూడు చొప్పున 15, మామూలుగా పడేవి 5, మొత్తం 20. ఆమెతో కలిసి వేటాడే స్నేహితుడు గేల్ ఇంట్లో ఐదుగురు, అతనికి 18 ఏళ్లు. ఏడేళ్లపాటు ఐదేసి చీటీలు 35, పైన 7, మొత్తం 42. మేయరు కూతురు మాడ్జ్ పేరు మీద ఐదు ఉంటే ఎక్కువ. తనకి పన్నెండేళ్లకే ఆరు చీటీలు పడ్డాయని గేల్ ఆ అమ్మాయి మొహం మీదే అనేస్తాడు. అడవిలో ఉన్నప్పుడు కాట్నిస్‌తో అతను అనేదేమిటంటే, ఈ పద్ధతి పెట్టిందే గనుల్లో పనిచేసేవాళ్లకీ కొట్లు పెట్టుకున్నవాళ్లకీ ఒకరి మీద ఒకరికి కడుపుమంట ఉండాలని. పదహారేళ్ల పాఠకుడికి వర్గం అంటే ఏమిటో ఇంత తక్కువ జాగాలో, ఉపన్యాసం లేకుండా చెప్పడం చిన్న విషయం కాదు.

అదే లెక్క ఇంట్లోకీ వస్తుంది. గని పేలి తండ్రి చనిపోయినప్పుడు కాట్నిస్‌కి 11 ఏళ్లు. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం నెల రోజుల ఏడుపుకి సరిపోయేంత. ఆ తర్వాత తల్లి పనికి వెళ్లాలి. ఆవిడ మంచం మీంచి లేవదు. పిల్ల తన చెల్లెలి పసిప్పటి బట్టలు వానలో అమ్మజూస్తే కొనే దిక్కుండదు. రొట్టెల కొట్టు వెనక చెత్తడబ్బా తెరిస్తే అదీ అప్పుడే ఖాళీ అయిపోయి ఉంటుంది. అక్కడే ఆ కొట్టువాళ్ల అబ్బాయి, తర్వాత ఆటకి ఆమెతోపాటే వెళ్లే పీటా, రెండు రొట్టెలు కావాలని మాడ్చి, తల్లి చేత దెబ్బలు తిని, వాటిని ఈ పిల్ల వైపు విసిరేస్తాడు. మే 8న 12 ఏళ్లు నిండగానే కాట్నిస్ టెస్సెరాకి పేరు రాయించుకుని, మొదటి విడత ధాన్యాన్ని చెల్లెలి బొమ్మబండిలో ఇంటికి లాక్కొస్తుంది. ఆ బొమ్మబండి చాలు. పేదరికం మీద ఒక పేజీ వర్ణన రాసినా అంత పని చేయదు.

ఐదో అధ్యాయంలో ఇంకో చోటుంది, తొందరగా చదివేవాళ్లు దాటేస్తారు. ఆటకి ముందు కేపిటల్‌లో కాట్నిస్‌ని ముస్తాబు చేసే సిన్నా ఒక మీట నొక్కితే భోజనం పైకి వస్తుంది. మీగడ పులుసులో కోడి ముక్కలు, నారింజ తొనలు, తెల్లటి గింజల అన్నంలాంటిది, బఠాణీలు. కాట్నిస్ తినకముందే లెక్క మొదలుపెడుతుంది. కోడి కొనలేం, అడవి టర్కీతో సరిపెట్టాలి. నారింజ కోసం ఇంకో టర్కీ కొట్టి మారకం వేయాలి. మీగడ లేదు, మేకపాలు పోయాలి. ఇలా రోజుల తరబడి వేటాడినా దీనికి సాటి రాదు అనుకుంటుంది. నియంతృత్వం ఎంత ఘోరమో చెప్పడానికి కాలిన్స్ ఇక్కడ సైనికుణ్ణి గానీ కొరడాని గానీ తేలేదు. ఒక మధ్యాహ్న భోజనం సరిపోయింది.

అరీనాలోకి వెళ్లాక కూడా అంతే. కాట్నిస్ చేతికి దొరికిన సంచిలో ఏముందో ఒక్కొక్కటీ చెబుతారు: పల్చటి స్లీపింగ్ బ్యాగు, బిస్కెట్లు, ఎండుమాంసం, అయోడిన్ సీసా, అగ్గిపెట్టె, తీగచుట్ట, నల్ల కళ్లద్దాలు, ఖాళీ నీళ్లబాటిల్. సాహస నవలల్లో ఇలాంటి జాబితాలు అలంకారానికి ఉంటాయి. ఇందులో మాత్రం ప్రతి వస్తువుకీ తర్వాత పని పడుతుంది. బాటిల్ ఖాళీగా ఉండటమే తర్వాతి రెండు రోజుల కథ. ఆమెకి ఆట నేర్పే పాత విజేత హేమిచ్, స్పాన్సర్లు పెట్టే డబ్బుతో అరీనాలోకి పారాచూట్‌లో వస్తువులు పంపగలడు. నీళ్లు దొరక్క పడిపోయే స్థితికొచ్చినా అతను ఏమీ పంపడు. పంపలేదంటే నీళ్లు దగ్గర్లోనే ఉండి ఉండాలి అని ఆమె తనంతట తాను గ్రహిస్తుంది. దొరికాక కూడా అయోడిన్ వేసి అరగంట ఆగాలి. ఆ అరగంట ఆగడంలో ఉన్నంత ఉత్కంఠ కత్తియుద్ధాల్లో లేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న ఘట్టం. పద్దెనిమిదో అధ్యాయం, రూ చనిపోయాక. రూ 11వ డిస్ట్రిక్ట్ పిల్ల, 12 ఏళ్లు, ఆరుగురు పిల్లల్లో పెద్దది. వాళ్లది పంటలు పండించే ప్రాంతం. పండించినవాళ్లు ఆ పంట తింటే అందరిముందూ కొరడా దెబ్బలు. కాట్నిస్‌తో కలిసి వేటమాంసం తింటూ ఒక కాలు మొత్తం తనొక్కతే తినడం ఇదే మొదటిసారి అంటుంది. ఆ పిల్లని 1వ డిస్ట్రిక్ట్ కుర్రాడు వలలో పట్టి ఈటెతో పొడుస్తాడు. కాట్నిస్ అతని మెడకి బాణం వేసి, రూ అడిగిన పాట పాడి, ఒంటినిండా అడవిపూలు పేరుస్తుంది. నవల గురించి చెప్పేవాళ్లంతా ఇక్కడ ఆగిపోతారు, పూల దగ్గర.

అసలు దెబ్బ తర్వాత పేజీలో ఉంది. వెండి పారాచూట్ దిగుతుంది. లోపల చిన్న రొట్టె, ఇంకా వెచ్చగానే. కేపిటల్ తెల్లరొట్టె కాదు. నల్లటి రేషన్ ధాన్యంతో చేసింది, నెలవంక ఆకారం, పైన గింజలు. శిక్షణ రోజుల్లో భోజనాల బల్ల దగ్గర పీటా ఏ డిస్ట్రిక్ట్ రొట్టె ఎలా ఉంటుందో చూపిస్తాడు: చేప ఆకారంలో సముద్రపు నాచు కలిసినది నాలుగో డిస్ట్రిక్ట్‌ది, నెలవంకది పదకొండోది. అప్పుడు అది ఊసుపోక కబురులా ఉంటుంది. ఇప్పుడు ఆ కబురు వల్లే రొట్టె చూడగానే ఎవరు పంపారో ఆమెకి తెలుస్తుంది, మనకీ తెలుస్తుంది. ఆటలో రోజులు గడిచేకొద్దీ బహుమతుల ధర పెరుగుతుందని ముందే చెప్పి ఉంచారు. మొదటి రోజు పూర్తి భోజనం వచ్చే డబ్బుకి పన్నెండో రోజు ఒక బిస్కెట్ వస్తే గొప్ప. కాబట్టి కడుపు నిండని ఊళ్లో ఎంతమంది పస్తుండి తలో నాణెం వేస్తే ఈ రొట్టె వచ్చిందో లెక్క మన ముందే ఉంది. అది రూ కోసం కొన్నది. రూ పోయింది. వెనక్కి తీసుకోకుండా పరాయి డిస్ట్రిక్ట్ పిల్లకి ఇమ్మన్నారు. అంతకు ముందెప్పుడూ జరగలేదు. కాట్నిస్ చీకట్లోంచి వెలుతురులోకి వచ్చి, కెమెరాలకి కనబడేలా నిలబడి 11వ డిస్ట్రిక్ట్ ప్రజలకి కృతజ్ఞత చెబుతుంది.

తిరుగుబాటు మొదలైంది అక్కడ. నినాదం లేదు, నాయకుడు లేడు, ఒక్క రొట్టె. దాన్ని నమ్మించడానికి టెస్సెరా లెక్క, రొట్టెల పాఠం, ధరల రూలు, రూ తిన్న మాంసం, ఈ నాలుగూ వేర్వేరు అధ్యాయాల్లో ముందే పెట్టి ఉంచారు. నవల కట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ నాలుగు చోట్లా కాగితం పెట్టుకుని చదవాలి.

2012 సినిమాలో ఈ రొట్టె లేదు. దాని బదులు 11వ డిస్ట్రిక్ట్‌లో జనం తిరగబడి బస్తాలు కుమ్మరించే దృశ్యం పెట్టారు. తెరమీద అది పెద్దగా కనబడుతుంది, నిజమే. కానీ అల్లరి చేసే గుంపుని ఏ సినిమాలోనైనా చూడచ్చు. సినిమా చూశాం కదా, పుస్తకం ఎందుకు అనేవాళ్లకి ఇదే జవాబు.

ప్రేమ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. గుహలో పీటాకి జ్వరం, కాలికి గాయం. కాట్నిస్ ముద్దుపెట్టగానే బయట పారాచూట్‌లో వేడి సూప్. ఒక ముద్దుకి ఒక గిన్నె సూప్ అని హేమిచ్ చెప్పకుండానే చెప్పాడు. ఆ తర్వాత ఆమె ఏది ప్రేమతో చేస్తోందో ఏది తిండికోసం చేస్తోందో ఆమెకే తెలియదు. దీన్ని ప్రేమ త్రికోణం అని అట్టల మీద వేసి అమ్మడం అన్యాయం. మొదటి పుస్తకంలో గేల్ కనిపించేది ఎంత కాసేపు!

బలహీనతలకి వద్దాం. మొదటిది అంతగా ఎవరూ ఎత్తి చూపనిది. పేదవాళ్ల పేర్లే ఎక్కువగా వస్తాయని ఇంత కష్టపడి టెస్సెరా లెక్క చెప్పి, లాటరీలో ఎవరి పేర్లు తీశారు? వేల చీటీల్లో ఒకే ఒక్క చీటీ ఉన్న ప్రిమ్, రొట్టెల కొట్టు యజమాని కొడుకు పీటా. 20 చీటీల కాట్నిస్ పేరు రాదు, 42 చీటీల గేల్ పేరు రాదు. ప్రిమ్ పేరు రావడం కథకి అవసరం, ఒప్పుకోవాలి. అక్క చెల్లెలి బదులు ముందుకు రావాలంటే అంతకంటే దారి లేదు. కానీ అబ్బాయి కూడా బతకగలిగిన ఇంటివాడే కావడంతో ఆ లెక్క కథని ఒక్క అడుగు కూడా నడపదు. వ్యవస్థ ఎంత క్రూరమో చెప్పింది రచయిత్రి, కథని నడిపించింది మాత్రం దురదృష్టం. గనుల వాడలోంచి నలభై చీటీలున్న కుర్రాడెవరైనా వచ్చి ఉంటే పుస్తకం ఇంకా పదునుగా ఉండేది.

రెండోది ఇంకా పెద్దది. 24 మందిలో ఒక్కరే మిగలాలి అన్న ఆటలో కాట్నిస్ చేతికి మట్టి అంటకుండా రచయిత్రి కాపాడుతూ పోతారు. ఆమె వల్ల చనిపోయినవాళ్లెవరో చూడండి. ట్రాకర్ జాకర్ అనే విషపు కందిరీగల తుట్టె పడేసినప్పుడు 1వ డిస్ట్రిక్ట్ అమ్మాయి గ్లిమ్మర్, నాలుగో డిస్ట్రిక్ట్ అమ్మాయి. వాళ్లు ఆమెని చంపడానికే చెట్టు కింద కాపు కాసినవాళ్లు. రూని పొడిచిన కుర్రాడు. చివర్లో మృగాల నోట నరకం పడుతున్న కేటో, అదీ జాలితో. మంచివాళ్ల సంగతి? రూని ఇంకొకడు చంపాడు. రూ డిస్ట్రిక్ట్ కుర్రాడు థ్రెష్ మన కంటికి కనబడకుండా ఎక్కడో చనిపోయాడు. ఫాక్స్‌ఫేస్ అనే తెలివైన అమ్మాయి, పీటా తెలియక కోసిన విషపు పళ్లు దొంగిలించి తిని చనిపోయింది. కాట్నిస్ ఇష్టపడ్డవాళ్లలో ఎవరినీ కాట్నిస్ చంపాల్సిన అవసరం రానే రాదు. కాట్నిస్, రూ, ఇద్దరే మిగిలితే? పాఠకుడి గుండెలో మెదిలే ప్రశ్న ఇదొక్కటే, నవల దీన్ని ఎత్తి పక్కన పెట్టేస్తుంది. పీటా దగ్గరా ఇంతే. మొదటి రాత్రి మంట వేసుకుని దొరికిపోయిన అమ్మాయి ఇంకా చావలేదని తెలిసి అతను వెనక్కి వెళ్లి పని పూర్తి చేసి వస్తాడు. అంత మెత్తటి కుర్రాడు అది ఎలా చేశాడు, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టిందా అన్నది ఈ పుస్తకంలో ఎవరూ అడగరు.

ఒకే డిస్ట్రిక్ట్ వాళ్లయితే ఇద్దరు గెలవచ్చు అన్న రూలు మార్పు కూడా ఈ కాపాడటంలో భాగమే. ఆ రూలు వెనక్కి తీసుకున్నందువల్ల చివర్లో కాట్నిస్, పీటా కలిసి విషపు పళ్లు తినబోయే ఘట్టం వచ్చింది, అది బాగుంది కాబట్టి చాలామంది క్షమించేస్తారు. క్షమించచ్చు. కానీ ఆ పేజీల్లో రచయిత్రి చెయ్యి కనబడుతూనే ఉంటుంది. చనిపోయిన పిల్లల కళ్లతో వచ్చే మృగాలైతే క్షమించలేం. నీళ్లకీ రొట్టెకీ అంత నిజాయితీగా లెక్క చెప్పిన పుస్తకంలో అవి ఎక్కడివి, ఎలా చేశారు అన్నది తేల్చకుండా వదిలేయడం భయపెట్టాలన్న తొందర తప్ప ఇంకేమీ కాదు.

దేశం నిర్మాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్కో డిస్ట్రిక్ట్‌కి ఒక్కో పని, పన్నెండోదానిలో సుమారు 8000 మంది, వాళ్లు తవ్వే బొగ్గు. హోవర్‌క్రాఫ్ట్‌లు నడిపే దేశానికి ఆ బొగ్గు ఎందుకో, ఆ కొద్దిమంది తవ్వితే ఎంత వస్తుందో ఆలోచించడం మొదలుపెడితే గోడలు ఊగుతాయి. కేపిటల్ జనాన్ని చూపించడం ఇంకా తేలిక. రంగుల జుట్టు, రంగుల ఒళ్లు, వింత యాస, అంటే చెడ్డవాళ్లు. వాళ్లలో మంచివాడైన సిన్నాకి మాత్రం కళ్లకి కాస్త బంగారు రంగు తప్ప వేషం లేదు. అలంకరణ చూసి గుణం చెప్పేయడం అంత మంచి రచయిత్రికి తగదు.

రాసిన పద్ధతి బలమూ, ఇబ్బందీ రెండూ. అంతా కాట్నిస్ మాటల్లో, వర్తమాన కాలంలో సాగుతుంది. బతికి బయటపడి చెబుతోందన్న భరోసా పాఠకుడికి ఉండదు. 27 అధ్యాయాలు, తొమ్మిదేసి చొప్పున మూడు భాగాలు. కాలిన్స్ అంతకుముందు పిల్లల టీవీ కార్యక్రమాలకి రాసినావిడ, ఆ చెయ్యి ప్రతి అధ్యాయం చివరా తెలుస్తుంది. మొదటి అధ్యాయం ప్రిమ్ పేరుతో ఆగుతుంది, పద్దెనిమిదోది కాట్నిస్ తనకి తెలియకుండానే పీటాని పిలవడంతో. పుస్తకం పక్కన పెట్టలేకపోవడానికి కారణం అదే. ఇబ్బందేమిటంటే కాట్నిస్ చూడనిది మనమూ చూడలేం. ఆట నడిపేవాళ్లు ఏం ఆలోచిస్తున్నారో తెలియదు. సినిమాలో ఆ గది చూపించారు, ఆ ఒక్క విషయంలో సినిమా నయం.

ఏథెన్స్ నుంచి క్రీట్‌కి యువతీయువకుల్ని బలి పంపే గ్రీకు కథ దీనికి మూలమని కాలిన్స్ చెప్పారు. మన పిల్లలకి అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఏకచక్రపురంలో బకాసురుడికి వంతుల వారీగా ఇంటికో మనిషిని, బండెడు అన్నంతో సహా పంపేవారు. బ్రాహ్మడి ఇంటి వంతు వస్తే కుంతి భీముణ్ణి పంపింది. మనిషి ప్రాణాన్నీ అన్నాన్నీ ఒకే బండిలో పెట్టిన కథ మనకి ఎప్పట్నుంచో ఉంది. చదివాక అమ్మాయిని ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమనండి. భీముడికి బలముంది కాబట్టి రాక్షసుడు చచ్చాడు, కథ ముగిసింది. కాట్నిస్ గెలిచాక కూడా రాక్షసుడు బతికే ఉన్నాడు, మిగతా రెండు పుస్తకాలూ అందుకే.

ఇది విజయవంతమయ్యాక వచ్చిన అనుకరణల మీద నాకు చాలా కోపం. పదహారేళ్ల అమ్మాయి, ముక్కలు చేసిన సమాజం, ఒక పరీక్ష, ఇద్దరబ్బాయిలు, ఇవన్నీ ఎత్తుకొచ్చారు. తిండి లెక్క ఎవరూ తేలేదు. ఆ పాత్రలు పేజీల తరబడి పరిగెడతాయి, ఏం తిని పరిగెడుతున్నాయో చెప్పరు. ఇంకో బాధ తెలుగు వైపు. 1947లో మొదలైన చందమామ లాంటి పత్రికలు పిల్లలకి చదవడం నేర్పాయి. పదేళ్లు దాటి పద్దెనిమిది నిండని వాళ్లకోసం తెలుగులో నవల రాయాలన్న పట్టుదల మాత్రం మనవాళ్లలో అంతగా లేదు. ఆ వయసు పిల్లలు ఇంగ్లిష్‌కి వెళ్లిపోయారని వాపోయేవాళ్లు వాళ్లకోసం ఒక్క పుస్తకం రాసి చూడాలి. రేషన్ కార్డు, హాస్టల్ మెస్సు, కోచింగ్ ర్యాంకులు, ఇంత సరుకు మన చుట్టూనే ఉంది.

చదివే వరుస అడగలేదు గానీ చెబుతున్నా. 2008 నాటి మొదటి పుస్తకం, తర్వాత 2009, 2010 నాటివి. 2020లో వచ్చినది కథాకాలం ప్రకారం ముందుదైనా మొదట చదవకూడదు. అందులో పదో ఆట జరుగుతుంది, స్పాన్సర్లు బహుమతులు పంపే పద్ధతి అప్పుడే మొదలవుతుంది. ఆ పద్ధతి ఎవరి బుర్రలో పుట్టిందో తెలిసినప్పుడు ఒళ్లు జలదరించాలంటే ఆ నెలవంక రొట్టె ముందే చదివి ఉండాలి. 2025లో వచ్చినది హేమిచ్ ఆడిన యాభయ్యో ఆట కథ. దాన్ని ఆఖరున పెట్టుకోమనండి.